పాత లారీకి పాత లుక్ రేడియో: మొహం చూసి కొనకండి, ఈ నాలుగు చూసి కొనండి

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి కొంచెం వెరైటీ. మా పెద్దనాయిన లారీకి రేడియో పెట్టిన కథ, అందులో నేను చేసిన తప్పులు, వాటి నుంచి నేర్చుకున్న లెక్కలు. మీ ఇంట్లో పాత లారీ, జీపు, వ్యాను ఏదున్నా ఇది పనికొస్తుంది.

మాది ఆలేరు. పెద్దనాయినకు ఒక టాటా 1210 ఉంది. ఒకప్పుడు వరంగల్, హైదరాబాద్ మధ్య వడ్లు, పత్తి లోడ్లు కొట్టింది. ఇప్పుడు లోడుకు పోదు, ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంటది. డ్యాష్‌బోర్డులో రెండు నాబ్‌ల పాత రేడియో ఉండేది. ఎడమ నాబ్ సౌండ్, కుడి నాబ్ స్టేషన్, మధ్యలో ముల్లు తిరిగే అద్దం. అది మూగబోయి చాలా ఏళ్లైంది. సాయంత్రం క్యాబిన్‌లో కూర్చుని పాటలు వినాలని ఆయన కోరిక. కొత్త రేడియో పెట్టే పని నాకు అప్పజెప్పిండు.

నేనేం చేశానంటే, ఆన్‌లైన్‌లో క్రోమ్ మెరుపు, గుండ్రటి నాబ్‌లు, పసుపు లైటు చూసి ఒకటి ఆర్డర్ పెట్టేశా. అమెరికా మార్కెట్ కోసం చేసిన పీసు అది. బ్లూటూత్ ఉంది, యూఎస్‌బీ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా. వచ్చాక చూస్తే డ్యాష్‌బోర్డులో పట్టలేదు. హ్యాక్సా బ్లేడు తీశా. పెద్దనాయిన చెయ్యి పట్టుకున్నడు: "కొయ్యకురా. రేడియో పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, గా రేకు మళ్ల దొరుకుతదా?" సరే అని డ్యాష్‌బోర్డు కింద క్లాంపుతో వేలాడదీశా. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి వైరు లాగి కరెంటు ఇచ్చా. బ్లూటూత్‌లో పాట మోగింది. నేను హీరో!

నెల తర్వాత దసరా. లారీని కడిగి, బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తాళం తిప్పితే 'టక్' అంది, అంతే. వాడకట్టు అంతా చూస్తుండగా ట్రాక్టర్ బ్యాటరీతో స్టార్ట్ చెయ్యాల్సి వచ్చింది. తర్వాత రెండు బ్యాటరీలూ మార్చాం. ఆ ఖర్చు రేడియో ధరను దాటింది. ఇక అప్పుడు కూర్చుని, మొదటి నుంచి చదివి నేర్చుకున్నా. అవే ఈ నాలుగు పాఠాలు.

1. ముందు వోల్టేజీ

కార్ రేడియోలు దాదాపు అన్నీ 12 వోల్టులవే. చాలా లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. బాగా చార్జ్ అయిన జత మల్టీమీటర్‌లో 25 వోల్టుల పైనే చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటే 28 దాకా పోతుంది. దాన్ని నేరుగా 12 వోల్టుల రేడియోకి ఇస్తే పొగే. పాత బండ్లలో వైరింగ్ ఎన్నిసార్లు ఎవరు మార్చారో తెలియదు కాబట్టి మోడల్ పేరు చూసి నిర్ణయించకండి, మీటర్ పెట్టి చూడండి. నెగటివ్ వైరు బాడీకి ఉందో, పాజిటివ్ ఉందో కూడా చూడండి. బాగా పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది.

మరి ఒక బ్యాటరీ నుంచే 12 తీసుకుంటే తప్పేంటి? నేను చేసింది అదే. లెక్క చూడండి. రోజుకి గంట పాట, రేడియో ఒక ఆంపియర్ తాగుతుంది అనుకుందాం. 20 రోజులకి 20 ఆంపియర్ అవర్లు. స్టేషన్లు గుర్తుంచుకునే మెమరీ వైరు 10 మిల్లీ ఆంపియర్లు తాగినా నెలకి ఇంకో 7. మొత్తం 27 ఆంపియర్ అవర్లు ఒక్క బ్యాటరీ నుంచే పోయాయి. పక్కది నిండుగా ఉంది. ఇంజన్ వేసినప్పుడు ఆల్టర్నేటర్ రెండింటికీ ఒకే కరెంటు పంపుతుంది. నిండుగా ఉన్నది ఓవర్‌చార్జ్ అయి నీళ్లు ఆవిరవుతాయి, ఖాళీ అయింది ఎప్పటికీ నిండదు. అట్లా రెండూ పాడవుతాయి.

సరైన దారి 24 నుంచి 12 వోల్టులకు దించే డీసీ కన్వర్టర్. రేడియో వెనక 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే కన్వర్టర్ కూడా 10 ఆంపియర్లు ఆగకుండా ఇచ్చేది కావాలి. దాన్ని తాళంతో ఆన్ అయ్యే లైనుకో, విడిగా పెట్టిన స్విచ్‌కో కలపండి. లేకపోతే కన్వర్టరే రాత్రంతా కొంచెం కొంచెం తాగుతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి. రేడియో వెనక ఉన్న ఫ్యూజ్ రేడియోని కాపాడుతుంది గానీ, మధ్యలో ఒరిసిపోయిన వైరుని కాపాడదు. పాత లారీలో మంట పుట్టేది అక్కడే.

2. డ్యాష్‌బోర్డులో రంధ్రం

పాతవి రెండు షాఫ్టుల రేడియోలు: రెండు గుండ్రటి రంధ్రాలు, మధ్యలో చిన్న కిటికీ. ఇప్పటి కార్ రేడియోలకి సింగిల్ డిన్ అనే కొలత, సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. ఒకదాని చోట ఇంకోటి కొయ్యకుండా పట్టదు.

కొనేముందు స్కేలుతో నాలుగు కొలవండి. రెండు షాఫ్టుల మధ్య దూరం (కేంద్రం నుంచి కేంద్రానికి), మధ్య కిటికీ వెడల్పు, దాని ఎత్తు, వెనక ఎంత లోతు ఖాళీ ఉందో. లోతు చాలామంది మర్చిపోతారు. వెనక వైపర్ మోటారో, కేబులో అడ్డమొస్తుంది. రెట్రోసౌండ్ లాంటి కంపెనీలు షాఫ్టులను అటూ ఇటూ జరుపుకునే రేడియోలు చేస్తున్నాయి. రేకు కొయ్యకుండా పని కావాలంటే అలాంటిదే చూడాలి.

3. మన స్టేషన్ వస్తుందా?

ఇది నన్ను బాగా ఆశ్చర్యపరిచిన పాఠం. వేలాడదీసిన రేడియోలో పెద్దనాయిన అడిగినవి రెండే: ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్, వివిధ భారతి 102.8 మెగాహెర్ట్జ్. రెండూ సరిగ్గా రాలేదు. "బొమ్మ మంచిగుంది గానీ, పాటేది?" అన్నడు. యాంటెనా లోపం అనుకున్నా. కాదు.

డిజిటల్ ట్యూనర్ మెట్లెక్కినట్టు పోతుంది. అమెరికాలో మీడియం వేవ్ మెట్టు 10 కిలోహెర్ట్జ్. మన వైపు, యూరప్, ఆసియా, ఆఫ్రికాల్లో 1975 జెనీవా ఒప్పందం ప్రకారం మెట్టు 9. 738 అంటే 9 ఇంటూ 82. అమెరికా రేడియో 730 దగ్గర ఆగుతుంది, తర్వాత 740. 738 మీద అసలు కాలే పెట్టదు. 740 దగ్గర మాట వినపడుతుంది గానీ గరగర. విజయవాడ 837 కూడా అంతే, 9 ఇంటూ 93.

ఎఫ్ఎంలో కూడా ఇదే గొడవ. అమెరికా మెట్టు 0.2 మెగాహెర్ట్జ్, చివరి అంకె ఎప్పుడూ బేసి: 102.7, 102.9. మన రెయిన్‌బో 101.9, మిర్చి 98.3 బేసి కాబట్టి తగులుతాయి. వివిధ భారతి 102.8 సరి అంకె, తగలదు. సెకండ్ హ్యాండ్ జపాన్ రేడియో అయితే ఇంకా కష్టం. అక్కడి ఎఫ్ఎం 76 దగ్గర మొదలై, పాత సెట్లలో 90 దగ్గరే ఆగిపోతుంది.

పాత ముల్లు రేడియోకి ఈ బాధ లేదు. కాయిల్ లోపల ఫెర్రైట్ ముక్క జరుగుతూ ఉంటే ముల్లు ఎక్కడైనా ఆగుతుంది, మెట్లు లేవు. కొత్తది కొనేటప్పుడు మాత్రం మాన్యువల్‌లో 'ఏరియా' లేదా 'ట్యూనర్ రీజియన్' సెట్టింగ్ ఉందా చూడండి. యూరప్ లేదా ఆసియా పెట్టుకోగలిగితే సమస్య తీరిపోతుంది. నేను కొన్న దాంట్లో ఆ మెనూనే లేదు. ఇంకోటి, డ్యాబ్ ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. అది యూరప్‌లో పనికొచ్చే డిజిటల్ రేడియో, మన ఊళ్లో దాంతో పని లేదు.

4. స్పీకర్ వైర్లు, యాంటెనా

పాత రేడియోల్లో చాలావాటికి స్పీకర్‌కి ఒకటే వైరు పోయేది, రెండోది బాడీకే. కొత్త రేడియోల్లో స్పీకర్ రెండు వైర్లూ యాంప్లిఫైయర్ నుంచే వస్తాయి. వాటిలో ఏదీ బాడీకి తగలకూడదు, తగిలితే లోపలి ఐసీ కాలిపోవచ్చు. కాబట్టి పాత వైరు వాడకుండా స్పీకర్ దాకా కొత్త జంట వైరు లాగండి. ఎన్ని ఓముల స్పీకర్ అన్నది రేడియో మాన్యువల్‌తో సరిచూడండి, సాధారణంగా 4.

ఆలేరు నుంచి హైదరాబాద్ రోడ్డు మీద దాదాపు 70 కిలోమీటర్లు. ఎఫ్ఎం అంత దూరం రావాలంటే అద్దానికి అంటించే చిన్న యాంటెనా సరిపోదు. 102 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం పొడవు సుమారు 75 సెంటీమీటర్లు, అంత కడ్డీ పెట్టండి. దాని కింద రంగు, తుప్పు గీకి బాడీకి మంచి ఎర్త్ ఇవ్వండి.

ఒక హెచ్చరిక: మొదటి పాఠంలో చెప్పిన కన్వర్టరే మీడియం వేవ్‌లో 'జుయ్' అని శబ్దం చేస్తుంది. సెల్ చార్జర్లు, చౌక ఎల్‌ఈడీ బల్బులు కూడా అంతే. కన్వర్టర్ రేకు పెట్టెలో ఉన్నది కొని, యాంటెనా వైరుకి దూరంగా, సీటు కింద బిగించండి.

మీకు ఏది సెట్ అవుతుంది?

డ్యాష్‌బోర్డు ఒరిజినల్‌గా ఉండాలంటే: జరిగే షాఫ్టుల రేడియో. ఖరీదు ఎక్కువ, బయటి నుంచి తెప్పించుకోవాలి, కానీ రేకు మిగులుతుంది.

డ్యాష్‌బోర్డు ఇప్పటికే కోసేసి ఉంటే: పాత లుక్ ఉన్న సింగిల్ డిన్. బ్లాపుంక్ట్ బ్రెమెన్ ఎస్‌క్యూఆర్ 46 డ్యాబ్ ఈ రకమే, 1980ల నాటి తమ మోడల్ మొహాన్నే మళ్లీ తెచ్చారు. లుక్ కన్నా సులువు ముఖ్యం అయితే లారీల కోసం చేసే 24 వోల్టుల సింగిల్ డిన్ రేడియోలు కూడా ఉన్నాయి. వాటికి కన్వర్టర్ అక్కర్లేదు.

పాత రేడియోని కదిలించడమే ఇష్టం లేకపోతే: దాన్ని అట్లాగే ఉంచి, సీటు కింద చిన్న బ్లూటూత్ యాంప్లిఫైయర్ దాచండి. ఫోన్‌లోంచి పాటలు వస్తాయి, స్టేషన్ ముల్లు మాత్రం తిరగదు.

నేను మొదటి దారిలో పోయా. రీజియన్ సెట్టింగ్ ఉన్న రెండు షాఫ్టుల రేడియో, రేకు పెట్టెలో 10 ఆంపియర్ల కన్వర్టర్, బ్యాటరీ పక్కన ఫ్యూజ్, బానెట్ మీద కడ్డీ యాంటెనా. పాత రేడియోని పాలిథిన్‌లో చుట్టి బీరువాలో పెట్టా, ఎప్పుడైనా మళ్లీ అదే చోట బిగించొచ్చు. 738 ఇంజన్ ఆపి ఉన్నప్పుడు శుభ్రంగా వస్తుంది, నడుస్తుంటే కొంచెం గొణుగుడు ఉంది. 102.8 సాయంత్రాలు బాగుంది, వాన రోజు ఎట్లుంటదో ఇంకా చూడాలి.

పెద్దనాయిన మొదటి రోజు కుడి నాబ్ తిప్పుతూ తిప్పుతూ 102.8 దగ్గర ఆపిండు. ఏం అనలేదు. అరగంట తర్వాత మా పెద్దమ్మ చాయ్ తెచ్చి ఇస్తే, "గ్లాసు ఈడ పెట్టు, పాట అయిపోనీ" అన్నడు.

షాపులో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఎన్ని వోల్టులు? షాఫ్టుల దూరం ఎంత, లోతు ఎంత? 9 కిలోహెర్ట్జ్ మెట్టు ఉందా, 102.8 మీద ఆగుతుందా? మెమరీ వైరు తీసేస్తే స్టేషన్లు గుర్తుంటాయా? ఎన్ని ఓముల స్పీకర్ కావాలి? ఈ ఐదింటికీ జవాబు దొరికాకే నాబ్‌ల మెరుపు చూడండి. కుదిరితే షాపులోనే ఆన్ చేయించి మీ ఇంట్లో పెద్దవాళ్లు వినే స్టేషన్ పెట్టించుకోండి. అది పలికితేనే డబ్బులు ఇవ్వండి.