ప్రేక్షకుల నడుగు విధము

“కాకిపిల్ల కాకికి ముద్దు” అను సామెతను మన పెద్దలు తల్లిదండ్రులను గూర్చి చెప్పినను, అది పాట కట్టినవానికిని, బొమ్మ గీచినవానికిని, నాటకమాడినవానికిని సమానముగ వర్తించును. ఎవరు చేసిన పని వారికి అందముగనే కనబడును. అట్లు కనబడుట దోషము కాదు. ఆ ప్రీతియే లేనియెడల ఎవరును పనిని తుదముట్ట సాగింపజాలరు. కాని పని ముగిసిన వెనుక ఆ ప్రీతియే కన్నులకు గంతలు కట్టును. ఆ గంతలు విప్పువాడు ప్రేక్షకుడు. అతని నెట్లు పిలువవలెను, ఏమి యడుగవలెను, అతడు చెప్పినదాని నెట్లు గ్రహింపవలెను అనునదియే యీ పాఠము.

నేటి విద్యార్థులు సెల్ ఫోనుతోనే పాటకు దృశ్యములు గూర్చి చిన్న చిత్రములు తీయుచున్నారు. జనులు దీనిని మ్యూజిక్ వీడియో యనుచున్నారు. మనము దృశ్యగీత మందము. తొండుపల్లి చుట్టుప్రక్కల పిల్లలకు చలనచిత్రములు తీయుట వింత కాదు. శంషాబాదు మండలమందలి నర్కుడ చెంతనున్న అమ్మపల్లి సీతారామచంద్రస్వామి దేవాలయమున ననేక తెలుగు చిత్రములకు దృశ్యములు తీసిరి. తీయు విధమును మన పిల్లలు కన్నులార చూచి నేర్చుకొనుచున్నారు. తీసినదానిని పరీక్షించు విధమును మాత్రము ఎవరును చూపుట లేదు.

ఒక యుదాహరణమును కల్పించుకొందము. తొండుపల్లి పిల్లలు ఎనమండుగురు చేరి నాలుగు నిమిషముల దృశ్యగీతమును తీసిరనుకొందము. కొడుకు పనికొరకు గల్ఫు దేశమునకు పోవుచున్నాడు. తండ్రి వృద్ధుడు, విమానాశ్రయము లోపలికి పోలేక, రహదారి ప్రక్కన నిలిచి, ఆకాశమున పోవు విమానమును చూచి చేయి యెత్తును. పాట మూడు చరణములు. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయము తెరవబడినది మొదలు ఎందరో కొడుకులు ఈ దారినే పోయిరి. కావున కథ మన యూరిదే. పిల్లలకు దానిపై మిక్కిలి మక్కువ.

వారు దానిని తమ తరగతిలో చూపి “ఎట్లున్నది?” అని యడిగిరి. అందరును “చాల బాగున్నది” అని చప్పట్లు చరచిరి. పిల్లలు సంతోషించి యింటికి పోయిరి. వారు తెలిసికొన్న దేమి? ఏమియు లేదు. తరగతివారు తమ స్నేహితు లని తెలిసికొనిరి. అది ముందే తెలిసిన విషయము.

ఈ పాఠమునకు మూలసూత్ర మిచ్చటనే యున్నది. శ్లాఘ వేరు, సమాచారము వేరు. “బాగున్నదా?” అని యడిగినవానికి మర్యాదయే సమాధానముగ వచ్చును. “నీవేమి చూచితివి?” అని యడిగినవానికే నిజము వచ్చును.

మన పద్యనాటకములలో నొక యాచారము గలదు. నటుడు రాగము తీసి పద్యము ముగింపగానే సభలోనుండి “వన్స్ మోర్” అని కేకలు వచ్చును. నటుడు మరల పాడును. అంతకంటె స్పష్టమైన ప్రేక్షకాభిప్రాయము మరియేమి యుండును అని తోచవచ్చును. కాని ఆ కేక గొంతు నచ్చినదని మాత్రమే తెలుపును. పద్యమున కర్థము తెలిసినదో లేదో, ఆ సమయమున ఆ పాత్ర దుఃఖము మనసునకు తగిలినదో లేదో తెలుపదు. మరల పాడుటచే కథ నిలిచిపోయినదని మూలనున్న మరియొకడు విసుగుకొన్నను వాని విసుగు కేకగా రాదు. కావున కేకను వినుడు, కాని కేక వేయనివానిని మరువకుడు.

పూర్వు లీ విషయమును మనకంటె సూక్ష్మముగ విచారించిరి. భరతుని నాట్యశాస్త్రమున నిరువది యేడవ యధ్యాయము ప్రదర్శనముయొక్క సిద్ధిని గూర్చి చెప్పును. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వుట, బిగ్గరగ నవ్వుట, “సాధు” అనుట, “అహో” అనుట, “కష్టము” అనుట మాటచే తెలియు గుర్తులు. గగుర్పాటు కలుగుట, ఆసనమునుండి లేచుట, వస్త్రముల నిచ్చుట శరీరముచే తెలియు గుర్తులు. ఇవి మానుషసిద్ధి. దీనికి పైది దైవసిద్ధి: సభ నిండియుండియు శబ్దము లేక, కలత లేక యుండుట. అనగా చప్పట్లకంటె గొప్పదియైన నిశ్శబ్ద మొకటి గలదని శాస్త్రకారుడు గ్రహించెను. అంతియే కాదు, తీర్పు చెప్పువారిగ పలువురిని పేర్కొనెను. ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణము తెలిసినవాడు, చిత్రకారుడు, గాయకుడు, నర్తకుడు, విలువిద్య నెరిగినవాడు మున్నగువారు ఎవరి విషయమును వారే పరిశీలింపవలెను. విలువిద్య తెలిసినవానిని రాగమును గూర్చి యడుగరాదు.

ఇరువదవ శతాబ్దమున నిదే ప్రశ్న మరల లేచినది. 1930 తరువాతి దశాబ్దములో అమెరికా దేశమున పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఫ్రాంక్ స్టాంటన్ అను నిరువురు రేడియో శ్రోతల యభిప్రాయము తెలిసికొనుట కొక యంత్రమును గల్పించిరి. శ్రోతకు రెండు మీట లిచ్చిరి. నచ్చినపుడు ఆకుపచ్చ మీటను, నచ్చనపుడు ఎఱ్ఱ మీటను నొక్కవలెను. ఏ క్షణమున నచ్చెనో ఏ క్షణమున నచ్చలేదో కాగితముపై గీతగ పడును. అయినను “ఏల?” అను ప్రశ్నకు గీత సమాధానము చెప్పలేదు. 1941వ సంవత్సరమున రాబర్ట్ మెర్టన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు ఈ పనిలో చేరి, గీత మారిన చోటును జూపి “అప్పుడు మీ మనసున నేమి తోచెను?” అని యడుగు పద్ధతిని వృద్ధిచేసెను. మొదట క్షణమును గుర్తించుట, పిమ్మట కారణమును అడుగుట: ఈ రెండును గలిసినగాని పని కాదు. మనకు యంత్ర మక్కరలేదు. ఒక గడియారము, ఒక కాగితము, కనిపెట్టి చూచు కన్నులు చాలును.

ఇక మన పిల్లలయొద్దకు పోదము. వారి యుపాధ్యాయుడు వారికీ క్రింది విధముగ బోధించె ననుకొందము.

మొదటిది: చిత్రమునకు తుదిమెరుగులు దిద్దక మునుపే చూపుడు. మెరుగు పెట్టినదానిని తప్పుపట్టుటకు చూచువాడు జంకును. మార్చుటకు మీకును మనసొప్పదు. నవ్వుల చిత్రములలో ప్రసిద్ధికెక్కిన మార్క్స్ సోదరులు 1935లో వెలువడిన తమ చిత్రమునందలి కొన్ని ఘట్టములను, కెమెరా ముందునకు పోవక మునుపే, ఊరూర రంగస్థలముపై ఆడి, జనులు ఎచ్చట నవ్విరో ఎంతసేపు నవ్విరో లెక్కించుకొనిరి.

రెండవది: ప్రేక్షకుల నేరికొనుడు. స్నేహితులు చాలరు. సంగీతము తెలిసిన యొకరు శ్రుతిని వినవలెను. తెలుగు పండితుడు పదములను చూడవలెను. అయిదవ తరగతి పిల్లవాడు కథ తెలిసినదా లేదా చెప్పవలెను. చదువురాని యవ్వయొకతె పాట చెవికి సోకినదా లేదా చెప్పవలెను. ఒకరికి పెద్ద తెరపై చూపుడు, మరియొకరికి చిన్న ఫోనులో చూపుడు. ఏలయన లోకము దానిని ఫోనులోనే చూడనున్నది.

మూడవది: ముందుగ కథ చెప్పకుడు. చెప్పినయెడల వారు మీ చిత్రమును గాక మీ మాటను చూచెదరు.

నాల్గవది: చూపునపుడు తెరవైపు గాక ముఖములవైపు చూడుడు. ఎవరు ఏ నిమిషమున ప్రక్కకు తిరిగిరో, ఎవరు ముందునకు వంగిరో వ్రాసికొనుడు.

అయిదవది: ముగిసిన వెంటనే చర్చకు దిగకుడు. ఒక్కొక్కరిచే వేరువేరుగ వ్రాయింపుడు. వ్రాయలేనివారిని చాటున నడుగుడు. సభలో మొదట మాటలాడినవాని యభిప్రాయము తక్కినవారి నోళ్లను తనవైపు త్రిప్పును.

ఆరవది: ప్రశ్నలు నాలుగు చాలును. ఈ కథ దేనిని గూర్చినది? ఏ మాటలు వినబడలేదు? ఎచ్చట మీ మనసు వేరుచోటికి పోయెను? ముగిసిన పిదప ఏది కన్నులయెదుట నిలిచెను?

పిల్లలట్లే చేసిరి. ఫలము వారు తలచినట్లు రాలేదు. రెండవ చరణమున మాటలు వినబడలేదని అవ్వయు, చిన్నవాడును, పండితుడును ఒకే చోటును చూపిరి. పాడిన బాలుడు నమ్మలేదు. తన కది స్పష్టముగ వినబడుచున్నది. మరల విని చూడగా ఆ చరణమును ఆరుబయట పాడి పట్టిన వేళ విమాన మొకటి మీదుగ పోయి ఆ ధ్వని మాటలను ముంచియున్నది. పిల్లలకు చరణము కంఠస్థమై యుండుటచే, చెవి వినలేనిదానిని జ్ఞాపకము పూరించుచున్నది. నేర్చినవారు తమ తప్పును తాము వినలేకపోవుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శన మక్కరలేదు.

రెండవ ఫలము మరింత నొప్పి కలిగించెను. వృద్ధుడు చేయి యెత్తిన దృశ్యమును చూచి “బస్సు నాపుచున్నాడు” అని యొకరు వ్రాసిరి. “ఎండకు చేయి యడ్డము పెట్టుకొన్నాడు” అని మరియొకరు వ్రాసిరి. కథకు ప్రాణమని యెంచిన దృశ్యమే తెలియకపోయెను! “వారికి చూచుట రాదు” అని యొక బాలిక కోపించెను. ఉపాధ్యాయుడు నెమ్మదిగ నిట్లనెను: “అమ్మాయీ, నొప్పి యెచ్చట నున్నదో రోగి చెప్పును, మందేమో వైద్యుడు చెప్పును. నీ ప్రేక్షకుడు నొప్పిని చెప్పినాడు. అతనితో వాదించిన నొప్పి పోదు.” అంతట పిల్లలు ఆలోచించి, మొదటి చరణమున తల్లి పెట్టెను కట్టుటయు, తండ్రి పాసుపోర్టును కొడుకు జేబులో పెట్టుటయు చేర్చిరి.

మూడవ ఫలము కాగితముపై రాలేదు. చూచినవారిలో నొక చిన్నది యేమియు వ్రాయక కాగితమును ఖాళీగ నిచ్చెను. ఆమె తండ్రి గల్ఫులో నున్నాడు. ఉపాధ్యాయుడు ఆమెను బలవంతపెట్టవలదనెను. మరునాడు తానే వచ్చి యిట్లు చెప్పెను: “మా తాతకు మా నాయన యెక్కిన విమానమేదో తెలియదు. ఆ దినమంతయు పోయిన ప్రతి విమానమునకును చేయి యూపినాడు.” ఎనమండుగురు పిల్లలు నెలదినములు కష్టపడియు ఈ యొక్క సంగతిని కనుగొనలేకపోయిరి. వారు చివరి దృశ్యమును మార్చిరి: సాయంకాలము వరకు నిలిచి, విమానము వెంబడి విమానమునకు చేయి యూపు తండ్రి. ఇప్పు డెవరును బస్సని యనరు. తప్పులను తెలిసికొనుటకే ప్రేక్షకుల నడిగిరి. దొరికినది తమకంటె బాగుగ కథ నెరిగిన మనుష్యురాలు.

అట్లని చెప్పిన ప్రతి మాటను పాటింపవలెనని కాదు. 1939లో వెలువడిన “ది విజార్డ్ ఆఫ్ ఆజ్” అను అమెరికా చిత్రమున పల్లెటూరి బాలిక యొకతె ఇంద్రధనుస్సును తలచుచు పాడు పాట గలదు. విడుదలకు ముందు జరిగిన ప్రదర్శనము పిమ్మట, అది కథను మందగింపజేయుచున్నదని నిర్మాణ సంస్థ పెద్దలలో కొందరు దానిని తీసివేయించిరి. చిత్రమునకు పనిచేసినవారిలో కొందరు పట్టుపట్టి దానిని తిరిగి చేర్పించిరి. ఆ యేటి యుత్తమ గీతమునకు ఆస్కారు బహుమాన మా పాటకే వచ్చెను. ఒక్కని మాట, అతడెంత పెద్దవాడైనను, ప్రేక్షకుల మాట కాదు. పలువురు వేరువేరుగ ఒకే చోటును చూపినయెడల ఆ చోటును తప్పక విచారింపుడు. ఒక్కడే చెప్పినయెడల ఆ మాటను తూచి చూడుడు. తూగినయెడల, ఆ చిన్నదాని మాటవలె, దానిని శిరసావహింపుడు.

దిద్దిన పిదప క్రొత్తవారికి చూపుడు. మొదట చూచినవారు కథ నెరిగియుందురు గావున వారును ఇపుడు మీవలె కన్నులకు గంతలు గలవారే. మొదటివారికి మాత్రము వారి మాటవలన ఏమి మారినదో చెప్పి కృతజ్ఞత తెలుపుడు. ఎవరి ముఖమైనను చిత్రములో కనబడునెడల వారి యనుమతియు, చిన్నవారైన వారి తల్లిదండ్రుల యనుమతియు పొందుడు.

ఇంత శ్రమ యేల యని యడుగుదురేమో. 2023 మార్చిలో ఆస్కారు పొందిన “నాటు నాటు” పాటను వ్రాసిన చంద్రబోసు, అందు చాల భాగ మొక్క పూటలోనే వచ్చినను మిగిలిన కొంచెమును ముగించుటకు సంవత్సరమునకు పైగ పట్టినదని చెప్పియున్నారు. పనిలో కష్టమంతయు ఆ కొంచెములోనే యుండును.

విద్యార్థులారా! మీ పని బాగున్నదని చెప్పువారు మీకు కొదువలేదు. తల్లిదండ్రులు గలరు, మిత్రులు గలరు. మీరు వెదుకవలసినది మీరు చూడనిదానిని చూచిన కన్ను. అది ముందువరుసలో చప్పట్లు చరచువానిదే కానక్కరలేదు. ఖాళీ కాగితము నిచ్చి పోయిన చిన్నదానిదియు కావచ్చును. ఆమె మరునాడు వచ్చి చెప్పుటకు వీలుగ మీ వాకిలి తెరచి యుంచుడు.