సిలువ క్రింద చీట్లు

పాఠ్యభాగము: యోహాను 19:23, 24

రక్షకుని కుట్టులేని అంగీకొరకు సైనికులు సిలువ క్రిందనే చీట్లు వేసికొనిరి. వారి కన్ను అంగీమీదనే గాని పైన వ్రేలాడుచున్నవానిమీద లేదు. పందెమాడువాని చూపు ఇట్టిదే.

మన నెల్లూరు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలకు వేట నిషేధము. ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలును సాధారణముగా ఆ దినములలోనే సాగును. పని లేదు, చేతిలో సెల్‌ఫోను ఉన్నది. ఒక తల్లి వలకొరకు దాచిన డబ్బును కుమారుడు మూడు రాత్రులలో పందెములలో పోగొట్టెను. ఆమె మాయొద్ద ఏడ్చినది డబ్బుకొరకు కాదు, వాడు అబద్ధమాడినందుకు.

1974 నాటి జూదపు చట్టమును మన రాష్ట్రము 2020లో సవరించి ఆన్‌లైన్ జూదమును నిషేధించెను. ఆడించువానికేగాక ఆడువానికిని జైలు శిక్ష కలదు. 2025 ఆగస్టులో పార్లమెంటును డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించెను. చట్టము మంచిదే. అయితే ఓడినవాడు భయపడి ఇంటివారికి చెప్పడు. అప్పు తెచ్చి మరల ఆడును. అట్టివాడు మాయొద్దకు రాత్రివేళనైనను రావచ్చును.

ఆ కుమారుడు వచ్చెను. ఇప్పుడు తల్లి ప్రక్కన కూర్చుండి పాత వల బాగుచేయుచున్నాడు. ఫోను ఆమె కొంగున ముడివేసి యున్నది.