కూలి లేని పని

కృష్ణానది సముద్రమును చేరుటకు ముందు పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడుమ సముద్రమువరకు వ్యాపించిన భూభాగమే దివిసీమ. దానికి ఈశాన్యమున సముద్రతీరమందు మచిలీపట్నమును, అచ్చటికి వాయవ్యమున గుడివాడయు నున్నవి. ఈ సీమ యంతయు కాలువలతోను, వరిచేలతోను నిండియుండును. కాలువలకు నీరు వదలుటకు ముందు, పొలములకు నీటిని గొనిపోవు బోదెలలోని పూడికను రైతులు కలిసి తీయుట ఇచ్చట కలదు. ఆ పనికి ఎవరును ఎవరికిని కూలి యియ్యరు. బోదె బాగుపడినచో అందరి చేలును పండును. అదియే వారి కూలి.

ఇట్టి ఉమ్మడి పని నేడు కంప్యూటరు రంగమునందును జరుగుచున్నది. దానికి ఓపెన్ సోర్స్ అని పేరు. కంప్యూటరు ఏ పనిని ఏ క్రమమున చేయవలయునో తెలుపు ఆదేశముల సముదాయమే ప్రోగ్రాము. మనుష్యులు చదువుటకు వీలుగా వ్రాసిన ఆ ఆదేశముల మూలప్రతికి సోర్స్ కోడ్ అని పేరు. కొన్ని సంస్థలు ఆ మూలప్రతిని రహస్యముగా నుంచి, ప్రోగ్రామును మాత్రము విక్రయించును. ఓపెన్ సోర్స్ పద్ధతి యట్టిది కాదు. ఇందు మూలప్రతి యందరికిని తెరచియుండును. దానిని ఎవరైనను వాడవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఈ హక్కులను వ్రాతపూర్వకముగా నిచ్చు పత్రమునకు లైసెన్సు అని పేరు.

ఈ పనిలో పాల్గొనువారిలో విద్యార్థులు పలువురు కలరు. గుడివాడనుండి గుడ్లవల్లేరు, కవుతరము, పెడన మీదుగా మచిలీపట్నమునకు రైలుమార్గము కలదు. ఆ మార్గమున కళాశాలకు పోయి కంప్యూటరు విద్య నభ్యసించుచు, తీరిక వేళ ప్రోగ్రాములు వ్రాయుటను వినోదముగా గైకొన్న ఒక విద్యార్థి దినచర్య యిట్లుండును. వేకువనే లేచి, తల్లి పెట్టిన చద్దియన్నము తిని, రైలెక్కును. రైలులో కంప్యూటరు అక్కరలేదు. గడచిన రాత్రి తెగని చిక్కును నోటుపుస్తకమున గీతలు గీచుకొని యాలోచించును. పగలు పాఠములు, ప్రయోగశాల. సాయంకాలము ఇల్లు చేరి మొదట పరీక్షలకు చదువుకొనును. భోజనానంతరము ఒక గంటయో గంటన్నరయో తనకిష్టమైన పనికి వినియోగించును. పది గంటలు కొట్టగానే, పని సగములో నున్నను, కంప్యూటరును మూసివేయును. తెగని చిక్కు తెల్లవారిన పిమ్మట సులభముగా తెగుట అతడు పలుమారులు చూచినదే.

అతడు ఒకనాటి రాత్రి పట్టుకొన్న చిక్కు ఇట్టిది. బాలుర కొరకు ఎవరో వ్రాసి యందరికిచ్చిన పదకేళి ప్రోగ్రామొకటి అతనికి దొరకెను. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరము ఉంచవలయును. “కృష్ణ” అను మాటకు రెండు గడులు చాలును. ఆ ప్రోగ్రామో, అయిదు గడులు చూపెను! మొదటి గడిలో కకారము, రెండవదానిలో వట్రుసుడి, మూడవదానిలో షకారము, ఇట్లు అక్షరములు ముక్కలై పడియుండెను.

దీనికి కారణము తెలియవలెనన్న, కంప్యూటరు అక్షరములను ఎట్లు దాచుకొనునో తెలియవలెను. కంప్యూటరు ఎరిగినవి అంకెలే. ప్రపంచభాషల లిపులన్నిటికిని ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క సంఖ్యను నిర్ణయించిన పట్టికకు యూనికోడ్ అని పేరు. దాని తొలి కూర్పు 1991లో వెలువడినది. అందు 3072 మొదలు 3199 వరకు గల 128 స్థానములు తెలుగునకు కేటాయింపబడినవి. కకారమునకు 3093, వట్రుసుడికి 3139, షకారమునకు 3127, పొల్లు గుర్తునకు 3149, ణకారమునకు 3107. ఈ అయిదు సంఖ్యలును వరుసగా నున్నచో “కృష్ణ” అను మాట యగును. కంటికి కనబడునవి రెండక్షరములు. యంత్రమునకు తెలిసినవి అయిదు సంఖ్యలు. ఇంగ్లీషున ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్యయే చాలును గనుక, ఆ భాషను మాత్రమే మనస్సునందుంచుకొని వ్రాసిన ప్రోగ్రాము తెలుగును ఇట్లు ముక్కలు చేసెను.

విద్యార్థి ఈ దోషమును సవరింప బూనెను. గుణింతపు గుర్తు వచ్చినచో దానిని ముందున్న హల్లుతో కలుపవలెను. పొల్లు గుర్తు వచ్చినచో తరువాతి హల్లును గూడ అదే గడిలో చేర్చవలెను. ఈ రెండు నియమములను వ్రాసి, పరీక్షించి, ఆ ప్రోగ్రామును నిర్వహించువానికి పంపెను. ఆ నిర్వాహకుడు ఏ దేశమువాడో అతనికి తెలియదు. మూడు దినములకు ప్రత్యుత్తరము వచ్చెను. సవరణ బాగున్నది కాని, “బస్” అను మాటలో పొల్లు తరువాత హల్లు లేదు. అప్పుడు చివరి అక్షరము జారిపోవుచున్నది. సరిచేసి పంపవలెను, అని యందుండెను. విద్యార్థికి మొదట చిన్నతనమయ్యెను. పిమ్మట నాలుగు పంక్తులు మార్చి, నూరు మాటలతో పరీక్షించి, మరల పంపెను. ఈ మారు అది యంగీకరింపబడెను. ప్రోగ్రాము చరిత్రలో అతని పేరును, మార్పు చేసిన తేదియు నమోదయ్యెను.

పిమ్మటి సంగతి ఇది. కుమారుడు రాత్రులందు చేయుచున్న పనిని తండ్రి కొన్నాళ్లుగా గమనించుచుండెను. ఒకనాడు భోజనమువేళ అతడు, “ఏరా అబ్బాయీ, ఈ పనికి నీకెవరైనా డబ్బిత్తురా?” అని యడిగెను.

“ఇయ్యరు నాన్నా.”

“మరి పరీక్షలు దగ్గరపడుచున్న వేళ, ఊరికే ఒరులకు చాకిరి చేయుట యెందుకురా?”

కుమారుడు కొంతసేపు మాటాడక, “మీరు మొన్న బోదె పూడిక తీయుటకు పోయితిరి కదా, నాన్నా, దానికి కూలి యెవరిచ్చిరి?” అనెను.

తండ్రి నవ్వి, “అది మన చేనికి నీరిచ్చు బోదె గదరా!” అనెను.

“ఇదియు మన బోదెయే. నేను వాడు ప్రోగ్రాములను వ్రాసినవారు నాయొద్ద రూపాయి పుచ్చుకొనలేదు. తెలుగు అక్షరము విరిగిపోవుచున్నదని తెలిసినవాడు సరిచేయకున్న, మరియెవరు సరిచేయుదురు?”

తండ్రి అప్పటికి ఊరకుండెను కాని, “చదువు చెడకుండ చూచుకో” అని మాత్రము హెచ్చరించెను. ఆ హెచ్చరిక సమంజసమైనది. ఆ రాత్రినుండి పరీక్షలు ముగియువరకు కుమారుడు ఆ పనిని ఆదివారములకు మాత్రమే పరిమితము చేసెను.

ఇట్టి వినోదపు పని యెంతవరకు ఎదుగగలదో చెప్పుటకు ఫిన్లాండు దేశపు విద్యార్థి కథ చాలును. లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచు, 1991 ఆగష్టు 25వ తేదీన తాను వ్రాయుచున్న ప్రోగ్రామును గూర్చి లోకమునకు తెలిపెను. అప్పటికతనికి 21 ఏండ్లు. ఇది వినోదమునకు చేయుచున్నదే గాని పెద్దది కానేరదని అతడు భావించెను. దానికి లైనక్స్ అను పేరు వచ్చెను. వేలమంది దానిని సవరించి పెంచిరి. నేటి ఆండ్రాయిడ్ ఫోనుల లోపల పనిచేయు మూలభాగము అదియే. 2017 నవంబరున ప్రకటింపబడిన ప్రపంచ వేగవంతములైన 500 కంప్యూటర్ల పట్టికలో అన్నియు లైనక్సుతో నడచునవే.

మన భాషకును ఇట్లే ఉదారముగా పనిచేసినవారు కలరు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు తెలుగును ఇంగ్లీషు అక్షరములతో టైపు చేయు ఆర్.టి.ఎస్. అను పద్ధతిని రూపొందించిరి. వెన్న నాగార్జున “పద్మ” అను లిపి మార్పిడి సాధనమును వ్రాసెను. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు నాంది పలికినవాడును అతడే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో అక్షర రూపములను, అనగా ఫాంట్లను, చిత్రించి అందరికి ఉచితముగా నిచ్చెను.

కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర సంస్థ విడుదల చేయించిన ఉచిత ఫాంట్లలో రెండు ఈ సీమకు ప్రత్యేకముగా సంబంధించినవి. వానిని తీర్చినవాడు పురుషోత్ కుమార్ గుత్తుల. ఒకదాని పేరు “మండలి”. 1957లో మచిలీపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై, 1975లో హైదరాబాదున జరిగిన ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలనాటికి విద్యామంత్రిగా నుండిన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరది. రెండవది “ఎన్.టి.ఆర్.”. నిమ్మకూరున జన్మించి, 1983లో గుడివాడనుండి శాసనసభకు ఎన్నికైన నందమూరి తారక రామారావు పేరది. 1902లో కృష్ణాపత్రిక పుట్టిన మచిలీపట్నమున కంపోజిటర్లు సీసపు అక్షరములను చేతితో పేర్చిరి. అచ్చాఫీసులో సీసపు అచ్చులు కొనలేనివానికి నాడు అక్షరము లేదు. నేడు ఫాంటును పేద విద్యార్థి కూడ రుసుము లేక పొందవచ్చును.

ఇచ్చట బోదెకును ప్రోగ్రామునకును గల భేదమును గూడ గమనింపవలెను. ఎగువ రైతు ఎక్కువ నీరు వాడుకొన్నచో దిగువ రైతునకు తక్కువగును. ప్రోగ్రామట్లు కాదు. లక్షమంది వాడుకొన్నను మిగిలినవానికి కొరత లేదు. అంతేకాదు, వాడువారు పెరిగిన కొలది దోషములను కనిపెట్టువారును పెరుగుదురు. అయినను పూడిక దీనికిని కలదు. పనిచేయువారు విసిగి మానుకొన్నచో, పాతబడిన ప్రోగ్రాము క్రమముగా ఎందుకును కొరగాకుండ పోవును. తీసికొనువారే యుండి ఇచ్చువారు లేనిచో ఏ ఉమ్మడి సొత్తును నిలువదు.

ప్రోగ్రాము వ్రాయుట రానివారికిని ఈ ఉమ్మడి పనిలో చోటు కలదు. 2004లో ఇంగ్లండునందు స్టీవ్ కోస్ట్ అను విద్యార్థి ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటమును ఆరంభించెను. లోకములో నెవరైనను తమ ఊరి వీధులను, కాలువలను, వంతెనలను అందు గీయవచ్చును. 2015లో నేపాలున భూకంపము సంభవించినపుడు, ఎచ్చటెచ్చటివారో ఉపగ్రహ చిత్రములను చూచి ఆ దేశపు త్రోవలను, ఇండ్లను ఈ పటమున గీచిరి. సహాయకులకు అది యుపకరించెను.

దివిసీమ వాసులకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెనలో ఈ సీమయందు వేలమంది ప్రాణములు కోల్పోయిరి. అట్టి వేళ ఏ గ్రామము ఎచ్చట నున్నదో, దానికి త్రోవ యేదో తెలుపు పటము ప్రాణావసరము. అందు పేర్లు సరిగా నుండుటయు ముఖ్యమే. ఇంగ్లీషున ద, డ అను రెంటికిని ఒకే అక్షరము వ్రాయుట వాడుక. అందుచే ఇంగ్లీషునుండి పేర్లను మార్చు యంత్రము “దివి”ని “డివి”గాను, “పెడన”ను “పెదన”గాను మార్చుటకు అవకాశము కలదు. లండనులోని పండితునకు ఈ తప్పు కనబడదు. పెడనలోని ఎనిమిదవ తరగతి బాలికకు తటాలున కనబడును. ఆమె తన ఊరి పేరును సరిచేసినచో, ఆ సవరణ ప్రపంచమంతటికిని చేరును.

అయితే ఈ పనికిని కొన్ని నియమములు కలవు. పరుల రచనను తీసికొన్నప్పుడు వారి పేరును తొలగింపరాదు. లైసెన్సు చెప్పిన షరతును పాటింపవలెను. పరీక్షింపని దానిని ఇతరులకు పంపరాదు. తప్పు చూపినవానిపై కినుక వహింపరాదు. అట్టివాడు ధనము పుచ్చుకొనని గురువు. తెలియని దానిని తెలిసినట్లు వ్రాయరాదు. పటములో నొక్క తప్పు త్రోవ, ఆపదలో నున్నవారిని నీటిపాలు చేయగలదు. అన్నిటికంటె ముఖ్యముగా, వినోదము చదువును మ్రింగకుండ చూచుకొనవలెను.

విద్యార్థి సవరించిన పదకేళిలో “కృష్ణ” ఇప్పుడు రెండు గడులలో ఇముడుచున్నది. దానిని ఆడు బాలురకు అతని పేరు తెలియదు. అక్షరము ఒకప్పుడు విరిగియుండెనని కూడ వారెరుగరు. తన పని ఇట్లు కంటికి కనబడకుండ పోవుటయే ఆ పని సరిగా జరిగినదనుటకు గుర్తు.

ప్రశ్నలు

1. ఓపెన్ సోర్స్ అనగానేమి? అందు వాడువారికి గల హక్కులేవి?
2. పదకేళి ప్రోగ్రాము “కృష్ణ” అను మాటకు అయిదు గడులు చూపుటకు కారణమేమి? విద్యార్థి దానినెట్లు సవరించెను?
3. బోదె నీటికిని ప్రోగ్రామునకును గల పోలికను, భేదమును వివరింపుము.
4. తండ్రికి కుమారుడు చెప్పిన సమాధానముతో నీవేకీభవింతువా? కారణములు వ్రాయుము.
5. మీ ఊరి పేరును, చుట్టుపట్ల గ్రామముల పేర్లను తెలుగున తప్పులేకుండ వ్రాసి, వానికి పోవు త్రోవలతో ఒక పటము గీయుము.