రాత్రి గస్తీ - మనం తెలుసుకోవలసిన సంగతులు



ఎండాకాలం వచ్చిందంటే మన హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో జనం డాబాల మీద పడుకుంటారు. పెళ్లిళ్లకూ జాతరలకూ ఇళ్లకు తాళాలు వేసి పోతారు. దొంగలకు అదే అదను. బావుల కాడ మోటారు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లలోని రాగి తీగ, దొడ్లలోని మేకలు పోతుంటాయి. పోలీసులు ప్రతి గల్లీలోనూ రాత్రంతా ఉండలేరు. అందుకే వాడలోని యువకులు వంతుల వారీగా గస్తీ తిరగడం మంచి ఆలోచన. అయితే దాన్ని ఎలా చేయాలో తెలియకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ.

నాటి కావలి

నిజాం పాలనలో ఊరి శాంతిభద్రతలు పోలీసు పటేలు చేతిలో ఉండేవి. ఆయన కింద కావలి కాసిన సేత్‌సింధీలలో, మస్కూర్లలో ఎక్కువమంది పేద కులాలవారే. వారికి అది సేవ కాదు, తరతరాల వెట్టి. 1980ల నడుమ ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. నేటి గస్తీ అలాంటిది కాకూడదు. పెద్దింటి పిల్లలు నిద్రపోతే పేదింటి పిల్లలు మేల్కొనే పద్ధతి వద్దు. అన్ని వాడలకూ వంతు ఉండాలి.

అనుమానం అనే జబ్బు

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని కులాలలో పుట్టినవారినందరినీ దొంగలుగా ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం పోయింది కాని, ఆ చూపు ఇంకా పూర్తిగా పోలేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని సెల్‌ఫోన్లలో పుకార్లు పుట్టాయి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పు పాటలతో, ఇంటింటి ప్రచారంతో నిజం చెప్పించారు. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

కొత్త మనిషి కనబడితే బట్టలు, భాష, కులం చూసి దొంగ అనుకోవద్దు. సెలవులకు చీకటి పడ్డాక బస్సు దిగి పక్క ఊరి మీదుగా ఇంటికి నడిచే హాస్టల్ విద్యార్థి కూడా ఆ ఊరివారికి కొత్త మనిషే కదా!

చట్టం ఏమంటుంది?

2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉంది. దాని 40వ సెక్షను ప్రకారం, తన కళ్లెదుట బెయిలుకు వీలులేని, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగితే సామాన్య పౌరుడు కూడా నేరస్థుణ్ణి పట్టుకోవచ్చు. కాని ఆలస్యం చేయకుండా, 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. కేవలం అనుమానంతో పట్టుకునే హక్కు లేదు. కొట్టే హక్కు అసలే లేదు. ఆత్మరక్షణకైనా అవసరానికి మించి బలం వాడరాదు. కులం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో ఐదుగురు లేక అంతకన్న ఎక్కువమంది కలిసి హత్య చేస్తే, భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను కింద ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడుతుంది.

పాటించవలసిన నియమాలు

1. ముందుగా స్టేషనులో ఎస్సై గారికి చెప్పి, పేర్లు రాయించాలి.
2. 18 ఏళ్లు నిండినవారే వెళ్లాలి. ఒంటరిగా తిరగరాదు.
3. టార్చిలైటు, ఈల, సెల్‌ఫోను చాలు. ఆయుధాలు వద్దు. మద్యం తాగినవారిని రానివ్వరాదు.
4. అనుమానం వస్తే దూరం నుండి మర్యాదగా పలకరించాలి. తరువాత 112కు ఫోను చేయాలి.
5. బండి నెంబరు, సమయం, స్థలం నోటుబుక్కులో రాయాలి.
6. ఎవరి ఫొటోనూ దొంగ అని వాట్సాప్‌లో పెట్టరాదు.

18 ఏళ్లు నిండని మనం కూడా చేయగల పని ఉంది. ఊరికి పోయేవారు పక్కింటివారికి చెప్పిపోయేలా చూడటం, వెలగని వీధి దీపాల గురించి పంచాయతీకి, మున్సిపాలిటీకి అర్జీ రాయడం, పుకారును మన దగ్గరే ఆపడం.

మిత్రులారా! దొంగ పారిపోతే రేపు దొరకవచ్చు. అమాయకుడి ప్రాణం పోతే తిరిగి రాదు. ఈ మాట తెలిసినవాడే గస్తీకి అర్హుడు.