హాలాహలం ముందు, అమృతం తరువాత



దీపావళికి ముందు వచ్చే ఆశ్వయుజ బహుళ త్రయోదశిని ధన్వంతరి త్రయోదశి అంటారు. ఆ రోజున బంగారం కొనడం మనలో చాలామందికి అలవాటైంది. కాని వైద్యానికి అధిదేవత అయిన ధన్వంతరి అమృత కలశంతో పాలసముద్రంలోంచి వెలువడినది ఆనాడేనని పెద్దలు చెబుతారు. ఇంట్లో ఒకరికి కేన్సర్ అని తెలిసిన రోజున ఆ కథ మనకు ఏ విధంగా దారి చూపుతుందో ఈ సంచికలో ఆలోచిద్దాం.

కథ అందరికీ తెలిసినదే. దేవతలు, అసురులు అమృతం కోసం సముద్రాన్ని చిలికారు. ముందుగా వచ్చినది అమృతం కాదు, హాలాహలం. అందరూ భయపడి పరమశివుని శరణు వేడారు. ఆయన పార్వతీదేవితో చెప్పి, ఆమె సమ్మతితో ఆ విషాన్ని స్వీకరించి కంఠంలో నిలుపుకున్నాడు. తరువాత మళ్ళీ చిలకడం మొదలుపెట్టారు. ఎన్నో వచ్చాక, చివరకు ధన్వంతరి వచ్చాడు.

రెండేళ్ళ క్రితం ఇదే పండుగ రోజుల్లో నా భార్యకు రొమ్ము కేన్సర్ అని తెలిసింది. ఉచిత మామోగ్రామ్‌కు రమ్మని వచ్చిన ఉత్తరం మా ఫ్రిజ్ మీద ఆరు నెలలు వేలాడింది. తీరా వెళ్ళాక ఈ మాట విన్నాము. కారులో కూర్చుని ఆమె అన్న మొదటి మాట, "ఏ జన్మలో ఏ పాపం చేశానో." నాకు జవాబు తోచలేదు. తరువాత ఈ కథ చదువుతుంటే తోచింది. హాలాహలం ఎవరి పాపానికో శిక్షగా రాలేదు. సముద్రాన్ని చిలికితే వచ్చింది. జబ్బు పడ్డవారి మీద ఆ మాట మోపడం భక్తి కాదు.

మొదటి పాఠం: విషాన్ని దాచలేదు

దేవతలు హాలాహలాన్ని చూసి ఏమీ జరగనట్టు ఊరుకోలేదు, సాయం అడిగారు. మేము మాత్రం దాచాము. నలుగురికీ తెలిస్తే రేపు అమ్మాయి సంబంధాలకు అడ్డం వస్తుందేమోనని నేనే భయపడ్డాను. రాజమండ్రిలో ఉన్న మా అత్తగారికి నాలుగు నెలలు చెప్పలేదు. జుట్టు ఊడిపోయాక ఆమెతో వీడియోలో మాట్లాడటం మానేశాము. ఒకరోజు ఆవిడే పసిగట్టి నన్ను అడిగింది. "నేను భయపడతానని దాచారా బాబూ? నాకు తెలియకపోతే నేను ఏ దేవుడికి మొక్కుకోవాలి?" ఆ ప్రశ్నకు తల వంచుకున్నాను. ఆరోజు నుంచి ఆవిడ పొద్దున్నే దీపం పెట్టి ఫోన్ చేసేది. మందు పని మందు చేసింది. ఆ ఫోన్ వల్ల నా భార్యకు రాత్రి నిద్ర పట్టింది.

క్రికెట్ చూసేవారికి జేన్ మెక్‌గ్రాత్ పేరు తెలుసు. బౌలర్ గ్లెన్ మెక్‌గ్రాత్ భార్య. తన రొమ్ము కేన్సర్ గురించి నలుగురిలో మాట్లాడి, 2005లో భర్తతో కలిసి ఒక సంస్థను స్థాపించి, 2008లో కన్నుమూశారు. సిడ్నీ టెస్టు మూడో రోజున మైదానమంతా గులాబీరంగు కట్టేది ఆమె పేరు మీదే. ఆ సంస్థ నర్సులు రోగికి, కుటుంబానికి ఉచితంగా తోడుంటారు. ఆమె దాచుకుని ఉంటే ఎంతమందికి ఆ తోడు దొరికేది కాదో ఆలోచించండి.

రెండవ పాఠం: పార్వతి పక్కనే ఉంది

విషం తాగినది శివుడే అయినా, ఆ నిర్ణయంలో ఇల్లాలు ఉంది. చికిత్స చేయించుకునేది ఒకరే అయినా ఇల్లంతా అందులో ఉంటుంది. డాక్టరు దగ్గరకు ఇద్దరు వెళ్ళండి. ఒకరు వింటుంటే ఇంకొకరు రాసుకోవాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాకపోతే పిల్లల చేత తర్జుమా చేయించకండి. పన్నెండేళ్ళ మనవడి నోట ఆ మాట పలికించడం ఎవరికీ మంచిది కాదు. దుబాసీని ఏర్పాటు చేయమని ఆస్పత్రినే అడగవచ్చు. జాతీయ దుబాసీ సేవ నంబరు 131 450.

స్నేహితులకు ఒక మాట. "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "గురువారం ఆస్పత్రికి నేను తీసుకువెళతాను" అనండి. కీమో రోజుల్లో పోపు వాసన కూడా పడదు. పులిహోర, వేపుళ్ళ బదులు మెత్తని పెరుగన్నం పంపిన పొరుగింటావిడను మేము మరచిపోలేము.

మూడవ పాఠం: చిలకడం ఆపలేదు

విషం వచ్చిందని మథనం ఆపి ఉంటే ధన్వంతరి వచ్చేవాడు కాదు. మొక్కులు, వైద్యం రెండూ కలిసి నడవాలి. ఒకటి పెట్టుకుని రెండవది వదలకూడదు. కీమో జరిగే రోజుల్లో ఉపవాసాలు వద్దు, రోగికి మినహాయింపు ఉందని పెద్దలే చెబుతారు. పసుపు మాత్రలు, కషాయాలు, ఆకు పసర్లు వాడదలిస్తే ముందు కేన్సర్ డాక్టరుకు చెప్పండి. కొన్ని మందు పనిని అడ్డుకోగలవు. రక్తకణాలు తగ్గిన రోజుల్లో గుడికి రాలేకపోయినా దోషం లేదు, ఇంట్లో దీపం చాలు. జ్వరం 38 డిగ్రీలు చేరితే తెల్లవారేదాకా ఆగకండి. ఆస్పత్రి వారిచ్చిన నంబరుకు వెంటనే ఫోన్ చేయండి, లేదా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మందులో దేవుడు లేడని ఎందుకనుకోవాలి? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చినపుడు, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గింది. కేన్సర్‌కు మందు పనిచేయగలదని నమ్మకం కలిగించిన తొలి రోజులవి. మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. మన గోదావరి గడ్డ మీద పుట్టినవాని చేతి పని అది.

నా భార్య జుట్టు దువ్వెనకు ముద్దలుగా వచ్చిన రోజున అద్దం ముందు చాలాసేపు కూర్చుంది. తరువాత నన్ను పిలిచి, "మిషను తీసుకురండి. స్వామికి తలనీలాలు ఇస్తున్నాననుకుంటాను" అంది. నేనే తీశాను. అప్పటివరకు ఏడవనివాణ్ణి అప్పుడు ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చింది. ఈ పండుగకు ఆమె చికిత్స ముగిసింది, పరీక్షలు సాగుతున్నాయి. అందరికీ మా ఇంట్లో జరిగినట్టే జరుగుతుందని నేను చెప్పలేను. ఎలా జరిగినా ఒంటరిగా జరగకూడదని మాత్రం చెప్పగలను.

చివరగా ఒక మనవి. 50 నుంచి 74 ఏళ్ళవారికి పెద్దపేగు కేన్సర్ పరీక్ష కిట్ రెండేళ్ళకొకసారి పోస్టులో ఉచితంగా వస్తుంది. 45 నుంచి 49 వారు అడిగి తెప్పించుకోవచ్చు. 40 దాటిన స్త్రీలకు బ్రెస్ట్‌స్క్రీన్‌లో మామోగ్రామ్ ఉచితం. 25 నుంచి 74 ఏళ్ళ స్త్రీలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష ఉంది, నమూనా తామే తీసుకునే వీలు కూడా ఉంది. సందేహాలకు కేన్సర్ కౌన్సిల్ నంబరు 13 11 20. ఈ త్రయోదశినాడు దీపం పెట్టాక, మీ ఫ్రిజ్ మీద వేలాడుతున్న ఉత్తరం ఏదైనా ఉందేమో ఒకసారి చూడండి.

ధన్వంతరి స్వామి మన కుటుంబాలన్నిటినీ చల్లగా చూడాలని ప్రార్థిస్తూ, సెలవు.