వాకిట చోటు



మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాత రోగి కథ మనందరికీ తెలిసిందే. నలుగురు మనుషులు అతనిని మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించారు. ఆ నలుగురి విశ్వాసాన్ని గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే వారు కప్పు ఎందుకు ఎక్కవలసి వచ్చింది? వాకిట కూడా చోటు లేనంతగా జనం నిండిపోయారని సువార్తికుడు చెబుతున్నాడు. ఆ జనం చెడ్డవారు కారు. వాక్యం వినడానికి వచ్చినవారే. రోగిని పొమ్మని ఎవరూ అన్నట్లు లేదు. అయినా వారు నిలబడిన తీరే అతనికి అడ్డుగోడ అయింది.

మన నకరికల్లు వీధుల్లోనూ ఇదే జరుగుతుంది. పక్షవాతం వచ్చిన తండ్రిని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఆటో గుమ్మం దాకా రావాలి. కాళ్లు లేని యువకుడు పక్కచక్రాల స్కూటరు మీద పనికి వెళ్లాలంటే బండి మెట్ల దగ్గరే ఉండాలి. కాని గుమ్మం ముందు ఎవరిదో ట్రాక్టరు, రెండు మోటారు సైకిళ్లు, పక్కింటివారి ఇసుక కుప్ప! అడిగితే, "వీధి అందరిదీ కదా!" అంటారు.

వీధి అందరిదీ అన్నమాట నిజమే. దాని అర్థమేమిటో ఆలోచించాలి. ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిరమైన సంకల్పమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు బోధించాడు. అసమానమైన స్థితిలో ఉన్నవారికి ఒకే కొలత కొలిస్తే అది సమానత్వం కాదని ఆయనకు ఎంతో ముందే అరిస్టాటిలు గ్రహించాడు. కాళ్లున్నవాడు బండిని యాభై గజాల దూరంలో నిలిపితే అతనికి పోయేది రెండు నిమిషాలు. చంకకర్రలతో నడిచేవాడికి ఆ యాభై గజాలు ఆ రోజు ప్రయాణాన్నే ఆపేయవచ్చు. కాబట్టి అతనికి వాకిట చోటు వదలడం దానం కాదు, అతనికి చెందినది అతనికివ్వడం. దానమైతే అతడు చేతులు జోడించాలి. న్యాయమైతే అతడు తలెత్తి అడగవచ్చు.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారు? మన తెలుగువారు అనేకులు స్థిరపడిన బ్రిటనులో వికలాంగుల వాహనాలకు 1971 నుంచి నారింజరంగు బ్యాడ్జీ ఉండేది. 2000 నుంచి అది నీలిరంగు బ్యాడ్జీ అయింది. ఇంటి దగ్గర చోటు కావాలని అర్హులు దరఖాస్తు చేస్తే అనేక స్థానిక సంస్థలు రోడ్డు మీద గీతలు గీసి చోటు చూపిస్తాయి. అయితే ఆ చోటు ఆ ఇంటివారి సొంతం కాదు. బ్యాడ్జీ ఉన్న మరొకరు కూడా అక్కడ బండి నిలుపుకోవచ్చు. కొన్నిచోట్ల ఆ గీతలకు చట్టబలం కూడా ఉండదు, ఇరుగుపొరుగు మర్యాదే వాటికి కాపలా.

మన దేశంలో 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఇది 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో వికలాంగులకు అనువైన పార్కింగు, వారు తిరగగలిగే రోడ్లు ఉండాలని 41వ సెక్షను చెబుతుంది. పార్కింగు చోటు 3.6 మీటర్ల వెడల్పుతో, భవన ద్వారానికి 30 మీటర్లలోపు ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు సూచించాయి. ఇటువంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరి నియమాలు ఉండాలనీ రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయితే ఫలానా ఇంటి ముందు ఫలానా వ్యక్తికి చోటు కేటాయించాలనే సెక్షను ఈ చట్టంలో లేదు. అందుచేత అవసరమున్న కుటుంబాలు చేయదగిన పనులు ఇవి:

1. వైకల్య ధృవీకరణ పత్రం, యూడీఐడీ కార్డు తీసుకొని సిద్ధంగా ఉంచుకోండి. 40 శాతం, అంతకు పైబడిన వైకల్యానికి అనేక సౌకర్యాలు వర్తిస్తాయి.

2. ముందుగా ఇరుగుపొరుగుతో మాట్లాడండి. ఏ వేళ చోటు కావాలో, ఎంత కావాలో స్పష్టంగా చెప్పండి.

3. వీధిలో ఆక్రమణలు, కుప్పలు అడ్డుగా ఉంటే పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రామసభలోనూ అడగండి.

4. హక్కుకు భంగం కలిగిందని తోస్తే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. సాక్షులను పిలిపించడం వంటి విషయాల్లో ఆయనకు సివిలు కోర్టు అధికారాలు ఉన్నాయి.

వీటిని ఒంటరిగా చేయడం కష్టం. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిది ఏళ్లు పడి ఉన్న రోగి ప్రభువుతో చెప్పుకున్న బాధ కూడా ఇదే: తనను దించే మనిషి లేడు, తాను వెళ్లేలోగా మరొకడు ముందు దిగుతున్నాడు (యోహాను 5:7). విచారణలోని యువజనులు, మరియదళ సభ్యులు అర్జీ రాయడంలో తోడుంటే ఆ కుటుంబానికి "మనిషి" దొరికినట్లే.

ఇక మన దేవాలయం సంగతి. ఆదివారం దివ్యబలిపూజకు వచ్చేవారి మోటారు సైకిళ్లన్నీ ద్వారం దగ్గరే ఆగుతాయి. మూడు చక్రాల సైకిలు మీద వచ్చిన సోదరుడు గేటు బయటే ఆగిపోతాడు. కఫర్నాములో జరిగింది ఇదే కదా! ద్వారానికి దగ్గరగా ఒక చోటు సున్నంతో గుర్తించి, అది ఖాళీగా ఉన్నా వదిలేద్దాం. మెట్ల పక్కన వాలుబాట కట్టేటప్పుడు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండేలా చూద్దాం. అంతకన్నా నిటారుగా ఉంటే చక్రాల కుర్చీలో వచ్చేవారికి అది ప్రమాదం.

దావీదు రాజు రెండు కాళ్లూ కుంటియైన మెఫీబోషెతును తన భోజనపు బల్ల దగ్గర శాశ్వతంగా కూర్చోబెట్టుకున్నాడు (2 సమూయేలు 9). ఏదో ఒక రోజు విందు పెట్టి పంపలేదు, అతనికి ఒక స్థానం ఇచ్చాడు. మన వీధిలో, మన దేవాలయంలో మనం ఇవ్వవలసింది కూడా అదే.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి:

1. మన బండి, మన సామాను ఎవరి వాకిటికి అడ్డుగా ఉన్నాయి?

2. మన వీధిలో బయటికి రాలేక ఇంట్లోనే ఉండిపోయినవారు ఎవరు? ఈ వారం వారిని కలిసి, ఏ అడ్డు తొలగించాలో అడుగుదామా?