చీరల ఫొటోలు: ఫ్లాషు వెలుగునకు షట్టరు వేగము కుదుర్చుట

చీర మగ్గము దిగగానే దానికొక ఫొటో తీసి ఉంచుకొనుట ఇప్పుడు మన కుటుంబములలో వాడుక అయినది. షోలాపురమున నేసినదైనను, సేలమున నేసినదైనను, దూరపు వర్తకుడు ముందు చూచునది ఫొటోనే, చీర పిమ్మట. అమ్ముడుపోయిన చీర అంచునో కొంగునో మరల నేయవలెనన్నప్పుడును ఆ ఫొటోయే ఆధారము. అది పాడైనచో నష్టమెంతో మేము అనుభవించి తెలిసికొంటిమి.

మా ఇంట పెద్దలనాటి ఫిలిము కెమెరా ఒకటి కలదు. ఒక పెండ్లికని నేసిన చీర మరునాటి ఉదయమే బండికి పోవలసియుండెను. దాని కొంగు జకార్డు అట్టలు లేకుండ చేతితో దారములెత్తి నేసినది. అందుచేత దానికి మరి వేరే నకలు లేదు. రాత్రి ట్యూబులైటు క్రింద ఫ్లాషు తగిలించి 16 ఫొటోలు తీసితిమి. "చేయి కదలిన బొమ్మ చెదరును, వేగము పెంచండి" అని మాలో ఒకరనగా షట్టరును 1/250 మీద పెట్టితిమి. ఫిలిము కడిగించి చూతుము గదా, 16 ఫొటోలలోను ఒక ప్రక్క మూడవ వంతు మాత్రమే చీర, తక్కినదంతయు నలుపు. కొంగు ఉండవలసిన చోట చీకటి! కడిగిన వానిదే తప్పని అతనిపైకి పోయితిమి. అతడు నిదానముగా నెగటివు దీపమునకెత్తి, నలుపునకును వెలుగునకును నడుమ గీత గీసినట్లున్న హద్దును చూపెను. "ఇది కడుగుటలో వచ్చునది కాదు, మీ వేగములో వచ్చినది" అనెను. అతడు చెప్పినది నిజము.

ఈ సంగతి మన వృత్తివారికి తెలియజెప్పుట సులభము. కాలు తొక్కగానే పడుగు రెండు పొరలుగా విచ్చుకొనును. పూర్తిగా విచ్చుకొన్న క్షణముననే నాడె పోవలెను. ముందుగా విసరినచో దారములు తెగును. మూసికొనుచుండగా విసరినచో నాడె నడుమ చిక్కుకొనును. కెమెరాలో విచ్చుకొనునది షట్టరు, దాటునది ఫ్లాషు వెలుగు.

ఇట్టి కెమెరాలలో ఫిలిమునకు ముందు రెండు తెరలుండును. 1925లో అమ్మకమునకు వచ్చిన లైకా మొదలు ఎన్నో కెమెరాలకు ఈ తెరలు రబ్బరు పూసిన బట్టతో చేసినవే. కెమెరా గుండెలోను గుడ్డయే ఉన్నదని వినుట మనకు ముచ్చటగదా. మీట నొక్కగానే మొదటి తెర ప్రక్కకు పరుగెత్తి ఫిలిమును తెరచును, రెండవ తెర దానిని వెన్నంటి వచ్చి మూయును. మొదటి తెర ఈ చివరనుండి ఆ చివరకు పోవుటకు, 36 మిల్లీమీటర్ల దూరమునకు, సుమారు సెకండులో 80, 90వ వంతు పట్టును. వేగము 1/60 అయినచో, మొదటి తెర పూర్తిగా తొలగిన పిమ్మటనే రెండవది బయలుదేరును. నడుమ కొంతసేపు ఫిలిమంతయు తెరచియుండును. ఫ్లాషు మెరయవలసినది అప్పుడే. 1/250 పెట్టినచో మొదటి తెర గట్టు చేరకముందే రెండవది బయలుదేరును. ఫిలిము మీద ఎన్నడును పూర్తి తెరపు లేదు. సన్నని సందు మాత్రము ప్రాకిపోవును. ఫ్లాషు మెరపు సెకండులో వెయ్యవ వంతుకంటె పొట్టిది గనుక, ఆ క్షణమున సందు ఎక్కడున్నదో అక్కడే చీర పడును. 1/500 నందు ఆ సందు ఆరేడు మిల్లీమీటర్లే.

పై మాటలోనే మాకు సలహా చెప్పినవారి పొరపాటును తెలియుచున్నది. చీకటి గదిలో బొమ్మను చెదరకుండ పట్టునది షట్టరు కాదు, ఆ పొట్టి మెరపే. 1/60 పెట్టినను చేతి కదలిక అందులో కానరాదు.

కావున ప్రతి కెమెరాకును ఫ్లాషుతో వాడదగిన గరిష్ఠ వేగమొకటి కలదు. ప్రక్కకు పరుగెత్తు బట్ట తెరల కెమెరాలలో అది సాధారణముగా 1/60. పైనుండి క్రిందికి పోవు లోహపు రేకుల తెరలు 24 మిల్లీమీటర్లే దాటవలెను గనుక వానికి 1/125 వచ్చినది; 1982లో నికాన్ ఎఫ్.ఎమ్.2 కెమెరాతో 1/200 వచ్చెను. నేటి డిజిటల్ కెమెరాలలో పెక్కింటికి 1/200 గాని, 1/250 గాని ఉండును. వీనిలో తప్పు వేగము పెట్టిన నల్లని పట్టీ ప్రక్కన గాక పైననో క్రిందనో పడును. పాత కెమెరాల వేగపు చక్రము మీద ఆ అంకెను ఎర్రరంగుతో గాని, ఎక్స్ అక్షరముతో గాని, మెరపు గుర్తుతో గాని చూపుదురు. దానికి తక్కువ వేగములన్నియు క్షేమమే.

లెన్సు నడుమ రేకుల షట్టరున్న కెమెరాలకు ఈ చిక్కు లేదు. ఆ రేకులు తామరపూవువలె నడుమనుండి విచ్చుకొనును. 1/500 వద్దను ఒక క్షణము పూర్తిగా తెరచియే యుండును. కాని వానిలో మరియొక ఉచ్చు కలదు. ప్రక్కనున్న చిన్న మీటకు ఎక్స్, ఎమ్ అని రెండు గుర్తులు. ఎమ్ అనునది పాతకాలపు ఒకసారి మండి పోవు బల్బులకు. ఆ బల్బు అంటుకొని పూర్తి వెలుగునకు వచ్చుటకు సెకండులో 50వ వంతు పట్టును. అందుచే కెమెరా ముందు బల్బును వెలిగించి, కొంత తాళి షట్టరు తెరచును. నేటి ఎలక్ట్రానిక్ ఫ్లాషు తాళునది కాదు. మీట ఎమ్ మీద ఉన్నచో అది మెరసి చల్లారిన పిమ్మట షట్టరు తెరచుకొనును, ఫొటో అంతయు నలుపు. కాబట్టి ఎక్స్ మీదనే ఉంచవలెను. వి అని మూడవ గుర్తు ఉన్నచో అది ఆలస్యముగా తీయు గడియారపు అమరిక. దానితో పని లేదు. తెరల కెమెరాలకు రెండు రంధ్రములుండి ఒకదానిపై ఎఫ్.పి. అని ఉన్నచో అదియు బల్బులదే. తీగను ఎక్స్ రంధ్రముననే గ్రుచ్చవలెను.

డిజిటల్ కెమెరా నెత్తిన దాని సొంత ఫ్లాషు పెట్టినచో వేగము హద్దు మీరకుండ కెమెరాయే చూచుకొనును. చవకలో వచ్చు రేడియో పెట్టెతో దూరపు ఫ్లాషును వెలిగించునప్పుడు మాత్రము కెమెరాకు ఆ సంగతి తెలియదు, ఏ వేగము పెట్టిన అదే తీయును. మనవారికి నల్లపట్టీలు వచ్చుట ఎక్కువగా ఇక్కడనే. రేడియో పెట్టె కొంచెము ఆలస్యము చేయును గూడ. 1/250 హద్దు ఉన్న కెమెరాకు 1/160 పెట్టుట మేలు. ఫోనులోని దీపము నిలిచి వెలుగునది, మెరపు కాదు. దానికి ఈ లెక్కలు వర్తింపవు.

ఫ్లాషు వెలుగు ఎక్కువ తక్కువలను షట్టరుతో సరిచేయ జూడరాదు. అది లెన్సు రంధ్రముతోను, ఫ్లాషు దూరముతోను చేయు పని. షట్టరు మార్చునది గదిలోని తక్కిన వెలుగును మాత్రమే. 1/8 వంటి నిదానపు వేగము పెట్టిన ట్యూబులైటు రంగు చీరలో కలిసి, తెల్లని నేలపై పచ్చదనము వచ్చును. చిలుకపచ్చకు ఆకుపచ్చకు భేదము చెడి వర్తకునితో మాట పడును. కనుక హద్దు వేగమునకు దగ్గరగా ఉంచి, గదిలోని దీపము ఆర్పివేయుట మంచిది. జరీ మెరయకుండ ఫ్లాషును ఏటవాలుగా ప్రక్కనుంచవలెను.

ఇంటిలోని పాత కెమెరాను ఫిలిము ఖర్చు లేకుండ పరీక్షింపవచ్చును. వెనుక తలుపు తెరచి, లెన్సు రంధ్రము పూర్తిగా విప్పి, తెల్లగోడవైపు త్రిప్పి, వెనుకనుండి చూచుచు ఒక్కొక్క వేగమున ఫ్లాషు మెరయించండి. నాలుగు మూలలును ఒక్కసారి తెల్లగా కనబడినచో ఆ వేగము పనికివచ్చును. సగమే కనబడినను, ఏమియు కనబడకున్నను పనికిరాదు. పాత ఫ్లాషును మాత్రము కొత్త డిజిటల్ కెమెరాకు తగిలింపకండి. కొన్ని 200 వోల్టులకు మించిన విద్యుత్తును కెమెరాలోనికి పంపి దానిని చెరచును.

మా చీర సంగతి: పెండ్లివారి ఫొటోలు తెప్పించుకొని, పెండ్లికూతురు భుజము మీద కనబడినంత మేరకు కొంగును లెక్కకట్టితిమి. హంసల వరుసలు కుదిరినవి. వాని క్రిందనున్న మూడు వరుసలు మడతలో పడిపోయి ఇంకను కుదరలేదు.